వేదికలు మారే కాలంలో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్: తెలుగు అక్షరం అనుభవం

(వడ్డాదిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ భవిష్యత్తు ఈ ఉపన్యాస విషయం. బల్ల మీది కంప్యూటరులో స్థిరపడి, ఆ యంత్రంలోని ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడి పనిచేసే ప్రోగ్రాములే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్. తెలుగునాట ఈ సాఫ్ట్‌వేర్‌ను అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ గంటలు వాడినవారిలో అక్షరాలు కూర్చే పనివారు ఉన్నారు. సీసపు అచ్చులను అరల్లోంచి ఏరి పేర్చిన కంపోజిటర్ల పనిని కంప్యూటరు ముందు కొనసాగించిన డీటీపీ ఆపరేటర్లు వారు. తెలుగు పుస్తకాల మీద ముద్రణాలయం పేరు ఉంటుంది, కూర్చిన మనిషి పేరు చాలావాటిలో ఉండదు. అలా పేరు అచ్చుకాకుండానే వెళ్లిపోయిన ఆ పనివారి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం.

ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ప్రోగ్రాములు నిలబడే వేదిక, మారిన ప్రతిసారీ కొన్ని ప్రోగ్రాములు కాలం చేస్తాయి. వాటితో మనుషులు చేసిన పని మాత్రం నిలవాలి. ఆ పని ప్రోగ్రాముకు బందీ కానిచోట వేదిక మార్పు మరమ్మతుతో సరిపోయింది. బందీ అయినచోట ఏళ్ల తరబడి కూడబెట్టిన రాతప్రతులు చదవరానివయ్యాయి. కాబట్టి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ భవిష్యత్తును నిర్ణయించేది రేపు ఏ వేదిక గెలుస్తుందన్న పందెం కాదు. ప్రోగ్రామర్ తన పనిలో ఏ భాగాన్ని వేదికకు అప్పగిస్తాడు, ఏ భాగాన్ని తన చేతిలో ఉంచుకుంటాడు, వాడుకరి సొత్తును ఏ రూపంలో భద్రపరుస్తాడు అన్న మూడు నిర్ణయాలే దాన్ని నిర్ణయిస్తాయి. తెలుగు అక్షరం కంప్యూటరు తెర మీదికి వచ్చిన నాలుగు దశాబ్దాల చరిత్ర ఈ మాటకు సాక్ష్యం.

వేదికకూ ప్రోగ్రాముకూ మధ్య ఒప్పందం

ఆపరేటింగ్ సిస్టమ్ యంత్రానికీ ప్రోగ్రాముకూ మధ్య ఉండే పొర. కీబోర్డు మీద మీట నొక్కితే తెలియజేయడం, తెర మీద గీత గీయడం, ఫైలును డిస్కులో దాచడం, ప్రింటరుకు పుట పంపడం దాని పనులు. ఈ పనులు అడిగే పద్ధతిని నిర్దేశించే నియమావళిని ఏపీఐ అంటారు. ప్రోగ్రామర్ ఆ నియమావళిని నమ్మి రాస్తాడు, వేదిక దాన్ని నిలబెట్టుకోవాలి. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ చరిత్ర అంతా ఈ నమ్మకం ఎంతకాలం నిలిచిందన్న చరిత్రే.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ ప్రోగ్రామర్‌కు ఇచ్చింది తక్కువ. తెరను, ప్రింటరును, అక్షర రూపాలను ప్రతి ప్రోగ్రామూ తానే చూసుకోవలసి వచ్చేది. కిటికీలు, బొమ్మలు, మౌస్‌తో కూడిన తెర 1970ల్లోనే జిరాక్స్ సంస్థ ఆల్టో యంత్రంలో రూపుదిద్దుకుంది. 1984 జనవరిలో వచ్చిన ఆపిల్ మెకింటాష్ దాన్ని సామాన్య వాడుకరి దగ్గరికి తెచ్చింది. మైక్రోసాఫ్ట్ విండోస్ తొలి రూపం 1985లో వచ్చినా, 1990 నాటి విండోస్ 3.0తో గాని జనాదరణ రాలేదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చి, 1995 ఆగస్టులో విండోస్ 95తో ఇంటింటికీ చేరిన విన్32 నియమావళి అసాధారణంగా దీర్ఘాయువు పొందింది. ఆనాడు నియమం తప్పకుండా రాసిన 32 బిట్ ప్రోగ్రాములు చాలావరకు నేటి విండోస్ 11లో కూడా నడుస్తాయి. ఒక కంపెనీ తన పాత మాటను మూడు దశాబ్దాలు నిలబెట్టుకోవడం వల్లే ప్రపంచమంతటా చిన్న సంస్థలు, చిన్న దుకాణాలు, ఒంటరి ప్రోగ్రామర్లు ఆ వేదిక మీద బతుకుతెరువు కట్టుకోగలిగారు.

భారతీయ భాషల విషయంలో ఆ నియమావళిలో చాలాకాలం ఒక లోటు ఉండిపోయింది. ఇంగ్లీషు అక్షరాన్ని తెర మీద నిలిపే బాధ్యత వేదికది, తెలుగు అక్షరాన్ని నిలిపే బాధ్యత ఎవరిదీ కాదు. ఆ ఖాళీలోనే తెలుగు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ పుట్టింది.

ఖాళీలో పుట్టిన తెలుగు సాఫ్ట్‌వేర్

తొలి పరిష్కారం యంత్రభాగం రూపంలో వచ్చింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పరిశోధన పుణెలోని సీడాక్‌లో జిస్ట్ కార్డుగా స్థిరపడింది. కంప్యూటరులో ఈ కార్డు బిగిస్తే డాస్ ప్రోగ్రాముల్లో భారతీయ లిపులు కనిపించేవి. దీని వెనుక ఇస్కీ అనే ప్రమాణం ఉంది. భారతీయ లిపులు చాలావరకు ఒకే వర్ణమాల కుదురు నుంచి వచ్చినవి కాబట్టి వాటన్నిటికీ ఒకే సంకేతపట్టిక సరిపోతుందని అది భావించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194గా ప్రకటించింది. అక్షరాన్ని ఉచ్చారణ క్రమంలో నిలవ చేయాలి, దాని ఆకారాన్ని యంత్రం లెక్కగట్టి గీయాలి అన్న గొప్ప సూత్రం అందులోనే ఉంది.

విండోస్ వచ్చాక ముద్రణరంగం మరో దారి పట్టింది. పుట రూపకల్పనకు పేజ్‌మేకర్ రాజ్యమేలింది. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన ఈ ప్రోగ్రాము 1994లో అడోబి చేతికి వచ్చింది. దానికి తెలుగు లిపి తెలియదు. కాబట్టి ఫాంటు తయారీదారులు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ఆకారపు ముక్కలను ఉంచారు. ఎనిమిది బిట్ల ఫాంటులో వాడుకోదగ్గ గదులు రెండు వందల పైచిలుకే. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, ఒత్తులు మరికొన్ని గదుల్లో సర్దుకున్నాయి. ఆపరేటర్ నొక్కిన మీటలను ఆ ముక్కల వరుసగా మార్చే చిన్న ప్రోగ్రాము వెనుక నడుస్తూ ఉండేది. హైదరాబాద్‌లో రూపొందిన అను స్క్రిప్ట్ మేనేజర్, పుణె మాడ్యులర్ సంస్థ వారి శ్రీలిపి తెలుగు డీటీపీ కేంద్రాలకు ప్రాణాధారమయ్యాయి. పెళ్లి శుభలేఖ నుంచి విశ్వవిద్యాలయ పాఠ్యపుస్తకం దాకా తెలుగు అచ్చుపని వీటి మీద సాగింది.

ఈ సాఫ్ట్‌వేర్ చేసిన మేలును తక్కువ చేసి చెప్పకూడదు. వేదిక తెలుగును పట్టించుకోని రోజుల్లో అది తెలుగు ముద్రణను నిలబెట్టింది. చిన్న పట్టణాల్లో వేల మందికి ఉపాధి చూపింది. ఒక్కొక్క ఆపరేటర్ వేళ్లకు తెలుగు మీటల అమరికల్లో ఒకటి, యాపిల్ కీబోర్డో, మాడ్యులర్ కీబోర్డో, ఇన్‌స్క్రిప్టో జీవితకాలపు అలవాటైంది.

దాని మూలంలో ఉన్న లోపం మాత్రం పైకి కనిపించలేదు. ఫైలులో నిలవ అయింది తెలుగు కాదు, ఇంగ్లీషు సంకేతాలు. ఫాంటు ఉన్నంతసేపూ అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ప్రతి సంస్థ గదుల అమరిక వేరు కాబట్టి ఒకరి ఫైలు మరొకరి ఫాంటులో చదవడం కుదరదు. పుస్తకంలో ఒక మాట వెతకడం, పదాలను అకారాది క్రమంలో పేర్చడం, అక్షరదోషాలను యంత్రం చేత పట్టించడం చాలా కష్టం. కాగితం మీదికి పుట వచ్చాక ఈ లోటు ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే కాగితమే ఆనాటి తుది గమ్యం. అదే పాఠాన్ని తెర మీద చదవవలసిన రోజు వచ్చినప్పుడు గాని అసలు నష్టం బయటపడలేదు.

అక్షరం వేదికలోకి దిగిన వైనం

యూనికోడ్ ప్రమాణం తొలి కూర్పు 1991 అక్టోబరులో వెలువడింది. అందులోనే తెలుగుకు 128 స్థానాల గది కేటాయించారు. ఇస్కీ సూత్రాన్నే అది స్వీకరించింది. ఉదాహరణకు ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాలుగా నిలవ అవుతుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. పలికే క్రమం ఇది. సకారం మీద గుడిదీర్ఘం ఎక్కించి, తకార రకారాల ఒత్తులను కింద తగిలించే పని తెర మీద చూపే సమయంలో జరుగుతుంది. నిలవ చేసేది భాష, గీసేది రూపం. రెండూ విడిపోయాయి కాబట్టి వెతకడం, పేర్చడం, సరిదిద్దడం సులువయ్యాయి.

ఆకారాన్ని లెక్కగట్టే ఆ యంత్రాంగం ప్రతి ప్రోగ్రాములోనూ కాక ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉండాలి. విండోస్‌లో ఆ భాగానికి యూనిస్క్రైబ్ అని పేరు. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి చోటు దొరికింది. తెలుగుకు 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో, ఆ చోటు లభించింది. అప్పటికీ సంక్లిష్ట లిపుల అంశాన్ని సీడీ నుంచి విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది. అది తెలియక తెర మీద డబ్బాలు చూసి తెలుగు రాదనుకున్నవారు ఎందరో. 2007 నాటి విండోస్ విస్టాతో ఆ అవసరం తీరింది. విండోస్ 7లో వాణి, విండోస్ 8లో నిర్మల ఫాంట్లు చేరాయి.

వేదిక తలుపు తెరిచాక లోపలికి నడిచినవారు తెలుగు ఔత్సాహికులే. అంతకు ముందే, 1990ల తొలినాళ్లలో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును రోమన్ లిపిలో నిర్దుష్టంగా రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లను తీర్చి ఉచితంగా పంచారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. పత్రికల వెబ్‌సైట్లలోని సొంత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే పరికరమూ ఆయనదే. 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని ఏ ఫాంటూ కొననవసరం లేకుండా, ఏ ప్రోగ్రామూ ఎక్కించనవసరం లేకుండా ఎందరికో తొలి తెలుగు రాత నేర్పింది. స్వేచ్ఛ సంస్థ తెలుగులో పలికే గ్నూ లినక్స్ వ్యవస్థను రూపొందించి పంచింది. తర్వాతి దశలో గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర వంటి పేర్లతో ఎన్నో తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ అందాయి.

ముద్రణరంగం మాత్రం వెంటనే కదలలేదు. అందుకు బలమైన కారణం ఉంది. పేజ్‌మేకర్ 2001లో 7.0 కూర్పుతో ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్‌కు సక్రమమైన మద్దతు 2012 నాటి సీఎస్6 కూర్పుతో గాని రాలేదు. మధ్యలో పదేళ్లకు పైగా ఖాళీ. ఆ పదేళ్లూ తెలుగు పుస్తకాలు చాలావరకు ఆగిపోయిన ప్రోగ్రాము మీద, పాత ఫాంట్ల మీద అచ్చయ్యాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిన తర్వాత కూడా పాత యంత్రాలను వదలలేని పరిస్థితి ఏర్పడింది. వేదికలో అక్షరం ఉన్నా, పనిచేసే ప్రోగ్రాములో లేకపోతే వృత్తిదారుకు అది అందనట్టే. రెండూ ఒకేసారి నడవాలన్నది ఈ ఘట్టం నేర్పిన పాఠం.

2012: ఒప్పందం బీటలు వారిన ఏడాది

తెలుగు అక్షరానికి డెస్క్‌టాప్‌లో పూర్తి స్థానం దొరికిన కాలానికే డెస్క్‌టాప్ వేదిక సందేహంలో పడింది. 2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ ఫోన్, 2010లో ఐప్యాడ్ వచ్చి వాడుకరుల చూపును మళ్లించాయి. ఆ ఒత్తిడిలో మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరు 26న విండోస్ 8ను విడుదల చేసింది. స్టార్ట్ మెనూ పోయింది. వేలితో తాకే పలకల తెర వచ్చింది. కొత్త ప్రోగ్రాములకు విన్‌ఆర్‌టీ అనే కొత్త నియమావళిని, కంపెనీ దుకాణం ద్వారానే పంపిణీ అనే కొత్త పద్ధతిని తెచ్చారు. పాత డెస్క్‌టాప్ ఒక మూలన కొనసాగింది. ఏఆర్ఎం చిప్పులతో నడిచే విండోస్ ఆర్‌టీ ట్యాబ్లెట్లలో మాత్రం బయటివారి డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ప్రవేశమే లేదు.

ప్రోగ్రామర్ల ఆందోళన అంతకు ముందే మొదలైంది. 2011 జూన్‌లో కొత్త వ్యవస్థను తొలిసారి చూపినప్పుడు దాని ప్రోగ్రాములను వెబ్ భాషలతో రాయవచ్చన్న మాటే ప్రముఖంగా వినిపించింది. అప్పటిదాకా మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ పరికరాల మీద ఏళ్లు వెచ్చించినవారికి తమ విద్య ఏమవుతుందో తెలియలేదు. వారి అనుభవమే అలాంటిది. 1998లో చివరి కూర్పు వచ్చిన విజువల్ బేసిక్ 6ను నేర్చినవారిని 2002లో డాట్‌నెట్ మళ్లీ మొదటికి తెచ్చింది. తెరలు కట్టే పద్ధతుల్లో విండోస్ ఫారమ్స్ తర్వాత 2006లో డబ్ల్యూపీఎఫ్, 2007లో సిల్వర్‌లైట్, 2012లో విన్‌ఆర్‌టీ, 2015లో యూడబ్ల్యూపీ, 2021లో విండోస్ యాప్ ఎస్‌డీకే వరుసగా వచ్చాయి. సిల్వర్‌లైట్‌కు 2021 అక్టోబరులో మద్దతు పూర్తిగా ముగిసింది. హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల గోడల మీద కోర్సుల పేర్లు మారుతూ పోవడం ఈ ప్రవాహానికి తెలుగునాట కనిపించిన రూపం. జిల్లాల నుంచి అక్కడికి వెళ్లి అప్పుచేసి నేర్చుకున్న యువతకు ప్రతి మార్పూ ఖర్చే.

ఇతర వేదికలూ ఇంతే. ఆపిల్ తన కంప్యూటర్ల చిప్పును 1994లో పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో సొంత చిప్పుకు మార్చింది. 2019 నాటి క్యాటలీనా కూర్పుతో 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా తొలగించింది. ఎవరు ఎంత గౌరవంగా మార్చినా, వేదిక యజమాని అవసరాలకూ ప్రోగ్రామర్ అవసరాలకూ మధ్య దూరం ఉంటుంది. ఆ దూరాన్ని ముందే లెక్కలోకి తీసుకున్న ప్రోగ్రాములే నిలిచాయి.

హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సారథ్యం చేపట్టిన తర్వాత కంపెనీ దృష్టి మారింది. ఆ మార్చిలోనే ఐప్యాడ్‌కు ఆఫీస్ విడుదలైంది. ఆ నవంబరులో డాట్‌నెట్ కీలకభాగాల మూలపాఠాన్ని (సోర్స్ కోడ్‌ను) బహిరంగపరుస్తామని ప్రకటించారు. 2018 డిసెంబరులో విండోస్ ఫారమ్స్, డబ్ల్యూపీఎఫ్‌ల మూలపాఠమూ బయటికి వచ్చింది. ఈ చర్యతో పాత పద్ధతుల్లో రాసిన ప్రోగ్రాములకు ఆయుష్షు పెరిగింది. మూలపాఠం అందరి చేతిలో ఉన్నప్పుడు వేదిక యజమాని మనసు మారినా ప్రోగ్రాము అనాథ కాదు.

వెబ్‌లోకి వెళ్లిన పని, బల్ల మీద మిగిలిన పని

డెస్క్‌టాప్ నుంచి పని తరలిపోవడానికి ఆంధ్రప్రదేశ్ పరిపాలనలోనే చక్కని ఉదాహరణ ఉంది. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో ప్రవేశపెట్టిన కార్డ్ పథకంలో ప్రతి కార్యాలయంలోనూ కంప్యూటర్లు, అక్కడే నడిచే సాఫ్ట్‌వేర్ ఉండేవి. 2011లో మొదలైన మీసేవలో సాఫ్ట్‌వేర్ కేంద్ర సర్వర్లలో ఉంటుంది, ఊళ్లలోని మీసేవ కేంద్రాల యంత్రాలకు బ్రౌజర్ చాలు. ఒకచోట సరిదిద్దితే రాష్ట్రమంతటా సరవుతుంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఈ పద్ధతినే పల్లెదాకా తెచ్చాయి. దరఖాస్తులు, ధ్రువపత్రాలు, చెల్లింపుల వంటి పనులకు వెబ్బే తగిన చోటని ఇక తేలిపోయింది.

ఇదే కాలంలో కొన్ని పనులు డెస్క్‌టాప్‌ను వదలలేదు. బెంగళూరులో పుట్టిన ట్యాలీ డాస్ కాలం నుంచి విండోస్ దాకా వేదికలు మారుతూ వచ్చినా దుకాణం లెక్కను దుకాణం యంత్రంలోనే ఉంచింది. 2017 జులై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చాక చిన్న వ్యాపారి బల్ల మీదికీ కంప్యూటరు చేరింది. నెట్ ఆగినా బిల్లు ఆగకూడదు, లెక్క ఇతరుల చేతుల్లోకి పోకూడదు అన్న రెండు అవసరాలు అక్కడ బలంగా పనిచేస్తాయి. పుస్తక రూపకల్పన, శబ్దం, చిత్రం, ఇంజనీరింగు నమూనా, ప్రయోగశాల పరికరాల నియంత్రణ వంటివాటికీ ఇదే వర్తిస్తుంది. పెద్ద ఫైళ్లు, యంత్రానికి దగ్గరగా చేయవలసిన పని, గంటల తరబడి కీబోర్డు మీద సాగే శ్రమ, నెట్ మీద ఆధారపడలేని పరిస్థితి ఉన్నచోట డెస్క్‌టాప్‌కు ప్రత్యామ్నాయం లేదు.

రెంటి మధ్య వారధులూ వచ్చాయి. ఒకసారి రాసి అన్నిచోట్లా నడపాలన్న ఆశతో 1995లో జావా, క్యూటీ వచ్చాయి. 2013లో గిట్‌హబ్ మొదలుపెట్టిన ఎలక్ట్రాన్ బ్రౌజర్‌నే ప్రోగ్రాములోకి చుట్టింది. 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ దాని మీదే నిలిచింది. 2022లో ఫ్లట్టర్ విండోస్, మ్యాక్, లినక్స్‌లకు స్థిరరూపంలో చేరింది. వీటి మూల్యం కంప్యూటరు మెమరీ వాడకంలోనూ, వేదిక సహజ మర్యాదలు కొంత తప్పడంలోనూ కనిపిస్తుంది. చేతిలో పాత యంత్రం ఉన్న పాఠశాలకో, ముద్రణాలయానికో ఆ మూల్యం పెద్దదే.

ఉమ్మడి పొర మీద ఉమ్మడి బాధ్యత

అక్షరం గీసే పని వేదికకు అప్పగించడం వల్ల మేలు ఎంతో, అప్రమత్తత అవసరమూ అంతే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో, మ్యాక్ కంప్యూటర్లలో ఒక తెలుగు అక్షర సముదాయం కనిపించగానే ప్రోగ్రాములు కూలిపోయాయి. జ, పొల్లు, ఞ, వాటి తర్వాత అక్షరాలను కలవనివ్వని, కనిపించని ఒక సంకేతం, ఆపైన దీర్ఘం, ఇదీ ఆ వరుస. సందేశంగా వస్తే సందేశాల ప్రోగ్రాము తెరుచుకునేది కాదు. ఆ నెల 19న ఆపిల్ దిద్దుబాటు విడుదల చేసింది. లోపం ఏ ఒక్క ప్రోగ్రాములోనూ లేదు, అన్నీ ఆధారపడిన పాఠ్య పొరలో ఉంది. కోట్లమంది మాట్లాడే భాషలోని ఒక అక్షర వరుస ఆ పొర పరీక్షల్లో తప్పిపోయిందని ఆ ఘటన ప్రపంచానికి తెలియజేసింది.

దీనికి విరుగుడు వేదిక నుంచి వెనక్కి తగ్గి ప్రతి ప్రోగ్రామూ తన అక్షరాలను తానే గీసుకోవడం కాదు. బహిరంగంగా అందరూ చూడగల, దిద్దగల ఉమ్మడి పొర కావాలి. హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఆ స్థానంలో ఎదిగింది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాన్ని వాడుతున్నాయి. 2017 నాటి లిబ్రే ఆఫీస్ 5.3 కూడా అన్ని వేదికల మీదా దాన్నే ఆధారం చేసుకుంది. విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో మరోలా కనిపించే తెలుగు పుట ఇప్పుడు రెండుచోట్లా ఒకేలా కనిపించగలుగుతోంది. వేదికకూ ప్రోగ్రాముకూ మధ్య ఎవరి సొత్తూ కాని ఇలాంటి పొరలు పెరగడమే రేపటి డెస్క్‌టాప్ నిర్మాణంలో ముఖ్య లక్షణం.

నిలవ చేసిన పని ఎంతకాలం నిలవాలన్న ప్రశ్నకు ఈ ఉపన్యాసం జరిగిన వడ్డాది ప్రాంతమే కొలత చూపుతుంది. శాసనాల్లో ఒడ్డవాదిగా పేర్కొన్న ఈ సీమను మధ్యయుగాల్లో మత్స్య వంశ రాజులు ఏలారు. ఆ వంశపు అర్జునుడు శకం 1191లో, అంటే సా.శ. 1269లో, ఇచ్చిన దిబ్బిడ తామ్రశాసనంలో వంశక్రమం, దాన వివరం నేటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. రాజ్యం లేదు, చెక్కిన పనిముట్టు లేదు. అయినా పాఠం నిలిచింది, ఎందుకంటే అది ఒక కార్ఖానా సొంత గుర్తుల్లో కాక సమాజమంతా ఎరిగిన లిపిలో ఉంది. ఇరవై ఏళ్ల క్రితపు డీటీపీ ఫైలు తెరవడానికి నాటి ఫాంటు, నాటి ప్రోగ్రాము, నాటి ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ కావాలి. వీటిలో ఏ ఒక్కటి కరువైనా ఒక రచయిత జీవితకాల కృషి మళ్లీ మొదటి అక్షరం నుంచి కూర్చవలసి రావచ్చు. ప్రమాణబద్ధమైన సంకేతం, బహిరంగమైన ఫైలు రూపం వాడుకరి హక్కులు. వాటిని ప్రోగ్రామర్ సౌకర్యంగా చూసినన్నాళ్లూ ఈ నష్టం పునరావృతమవుతూనే ఉంటుంది.

ప్రస్తుత కూడలి

2025 అక్టోబరు 14న రెండు సంఘటనలు జరిగాయి. విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. అదే రోజు విశాఖపట్నంలో అయిదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని గూగుల్ ప్రకటించింది. మొదటి సంఘటన వల్ల, విండోస్ 11 కోరే టీపీఎం 2.0 వంటి భద్రతాభాగాలు లేని యంత్రాలు పనికొచ్చే స్థితిలో ఉండి కూడా మద్దతు కోల్పోయాయి. రెండో సంఘటన గణన శక్తి పెద్ద కేంద్రాల్లో పోగుపడుతున్న దిశను చూపుతోంది. డెస్క్‌టాప్ ప్రోగ్రామర్ నిలబడింది ఈ రెంటి నడుమ.

కొత్త వేదికలు అనేకం. ఏఆర్ఎం చిప్పుల మీద విండోస్ మళ్లీ వచ్చింది, ఈసారి పాత ప్రోగ్రాములను అనువదించి నడిపే ఏర్పాటుతో. కృత్రిమ మేధకు ప్రత్యేక భాగం గల కంప్యూటర్లు వచ్చాయి. చైనా హువావే సంస్థ 2025లో సొంత హార్మొనీ వ్యవస్థతో కంప్యూటర్లు తెచ్చింది. మద్దతు పోయిన యంత్రాలకు లినక్స్ మళ్లీ ఆయుష్షు పోస్తోంది. ఈ అన్నిటికీ విడివిడిగా రాయగల శక్తి పెద్ద కంపెనీలకు కూడా కష్టమే, తెలుగునాట చిన్న సంస్థలకు అసాధ్యం.

కాబట్టి నిర్మాణ పద్ధతి మారాలి. ప్రోగ్రాము హృదయం, అంటే లెక్క, వ్యాకరణం, పుట అమరిక, సమాచార నిర్వహణ, ఏ వేదికకూ చెందని భాషలో, తెర ప్రస్తావన లేకుండా ఉండాలి. తెర, మెనూ, ప్రింటరు సంభాషణ వంటివి పలుచని పైపొరగా ఉండాలి. వేదిక మారితే పైపొర మారుతుంది. 2012లో కొత్త నియమావళికి మారలేక దెబ్బతిన్న ప్రోగ్రాములు అనేకం ఈ రెంటినీ కలగలిపి రాసినవే. సమాచారం ముందుగా వాడుకరి యంత్రంలో ఉండి, ఆయన కోరితేనే సర్వర్‌తో సరిపోల్చుకునే పద్ధతి వెబ్ సౌలభ్యాన్నీ డెస్క్‌టాప్ స్వాతంత్ర్యాన్నీ కలుపుతుంది. తెలుగు మాట గుర్తుపట్టడం, అక్షరదోషాలు పట్టడం, పాత అచ్చుపుటను చదవడం వంటి మేధా పనులు సొంత యంత్రంలోనే జరగగలిగితే, నెట్ అంతంతమాత్రంగా ఉన్న పల్లెకు కూడా అవి అందుతాయి.

చేయవలసిన పని

ఈ చరిత్ర నాలుగు బాధ్యతలను నిర్దేశిస్తోంది. మొదటిది పాత ఫైళ్ల రక్షణ. ముద్రణాలయాల్లో, ప్రచురణకర్తల దగ్గర, విశ్వవిద్యాలయాల్లో పాత ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి దిద్దించాలి. మార్పిడి పరికరాలు ఉన్నాయి. ఫలితాన్ని చదివి సరిచేయగల కళ్లు అనుభవజ్ఞులైన ఆపరేటర్లవి. వారు పనిలో ఉండగానే ఈ కృషి జరగాలి. రెండోది పరీక్ష. తెలుగు సంయుక్తాక్షరాల సమగ్ర పరీక్షా పాఠాన్ని బహిరంగంగా తయారుచేసి, ప్రతి కొత్త వేదికనూ దానితో పరీక్షించి, లోపాలను నిర్మాతలకు నివేదించాలి. దీనికి ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల శక్తి చాలు.

మూడోది బోధన. ఫలానా సంవత్సరపు ఫలానా పరికరాన్ని నేర్పే కోర్సు అయిదేళ్లలో పాతబడుతుంది. సంకేత ప్రమాణాలు, ఫైలు రూపాలు, ప్రోగ్రాము హృదయాన్ని పైపొర నుంచి వేరుచేసే క్రమశిక్షణ నేర్పితే అది వృత్తి జీవితమంతా అక్కరకు వస్తుంది. నాలుగోది ప్రభుత్వ కొనుగోళ్ల నియమం. ప్రజాధనంతో చేయించే ప్రతి సాఫ్ట్‌వేర్ సమాచారాన్ని బహిరంగ రూపంలో బయటికి ఇవ్వాలి, తెలుగును యూనికోడ్‌లోనే నిలవ చేయాలి.

డెస్క్‌టాప్ కంప్యూటరు అందరి తొలి యంత్రంగా ఉన్న దశ ముగిసింది. ఫోను ఆ స్థానాన్ని తీసుకుంది. రాయడం, కూర్చడం, లెక్కించడం, రూపొందించడం వృత్తిగా ఉన్నవారికి మాత్రం అది పనిముట్టుగా కొనసాగుతుంది. ఆ పనివారి కోసం రాసే సాఫ్ట్‌వేర్ సంఖ్యలో తగ్గవచ్చు, విలువలో తగ్గదు. వేదికలు వ్యాపార నిర్ణయాలను బట్టి వస్తాయి, పోతాయి. వాటి మీద చేసిన పని సమాజానిది. ఆ పనిని ఏ వేదిక మీదికైనా చెక్కుచెదరకుండా తీసుకుపోగల సాఫ్ట్‌వేర్‌కే భవిష్యత్తు ఉంది.